ఇరవై ఎనిమిదో రోజు

"తలుపు తియ్యవే. కాయితం వచ్చింది."

గది బయట మొగుడు మేస్త్రీ గొంతు. కోడలు తియ్యలేదు. మంచం మీద కూర్చుని కర్టెను గుడ్డకి అంచు మడుస్తోంది. ఏడో నెల పొట్ట మీద గుడ్డ ఆన్చి సూది దింపింది. కుట్టు వంకర పోయింది. విప్పింది.

"వినబడుతోందా? నెగిటివ్. అచ్చులో ఉంది. కళ్ళున్నవాళ్ళు చదువుకోవచ్చు."

తలుపు కింది సందులోంచి కాయితం లోపలికి జారింది. ఆమె వంగలేదు. వంగడం ఈ మధ్య పెద్ద పని. కాలి వేళ్ళతో దగ్గరికి లాక్కుని, మంచం కోడు పట్టుకుని, మెల్లగా తీసుకుంది. హెర్పిస్, ఒకటో రకం: లేదు. రెండో రకం: లేదు. కింద ఎవరిదో గిలికిన సంతకం.

వంతెన సైటులో మేస్త్రీ చేసిన నిర్వాకం ఇంట్లో తెలిసి పద్దెనిమిది రోజులయింది. అక్కడ అతను పడుకున్న ఆడమనిషి తనకి ఆ అంటుజబ్బు తేలిందనీ, నువ్వూ చూపించుకో అనీ కబురు పెట్టింది. ఆ కబురు పట్టుకుని తిన్నగా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా భార్య ముందు కక్కేశాడు. చెప్పినందుకు మెచ్చుకుంటారనుకున్నాడు కాబోలు. ఆ పూట నుంచి అతని పరుపు వసారాలో, సిమెంటు బస్తాల పక్కన.

ఆ పూట నుంచే ఆమె అతన్ని 'మీరు' అనడం మానేసింది. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

తలుపు తీసింది. గడప అవతల ముగ్గురూ ఉన్నారు. మేస్త్రీ, అతని తండ్రి పెద్దమేస్త్రీ, పక్క వీధి నుంచి కబురందుకుని వచ్చిన ఆడపడుచు. పెళ్ళిచూపులకి కూడా ఇంత మంది రాలేదు.

"రక్తం ఎన్నో రోజుకి ఇచ్చావు?" అంది.

"ఇరవై ఎనిమిదో రోజుకి. ముందే ఇవ్వడానికి నేనేమన్నా తెలివితక్కువవాణ్ణా? ఏడో రోజుకి ఇస్తే పచ్చి లెక్క. ఇరవై ఎనిమిదికి ఇస్తే గట్టి లెక్క."

"ఎవరు చెప్పారు?"

"ఒకళ్ళు చెప్పాలా? పదిహేనేళ్ళ నుంచి కాంక్రీటు పోస్తున్నా."

ఆ ఇంట్లో ఇరవై ఎనిమిది అంటే తిరుగులేని మాట. స్లాబు పోసిన రోజే అదే మాలుతో జానెడు దిమ్మలు పోసి, వాటి మీద మేకుతో తేదీ గీసి, నీళ్ళ తొట్టిలో పడేస్తారు. ఏడో రోజున కొన్నిటిని మిషనులో పెట్టి నలిపి చూస్తారు. ఇరవై ఎనిమిదో రోజున మిగతావాటిని. ఆ రోజు నిలిచిందంటే ఇక ఆ స్లాబు మీద ఏనుగుని నడిపించుకోవచ్చు. నలపకుండా మిగిలిపోయిన దిమ్మ ఒకటి ఏళ్ళ తరబడి పడకగది తలుపుకి అడ్డుగా ఉంటోంది. మేస్త్రీ వంతెన సైటు రోజు నుంచి ఇరవై ఎనిమిది రోజులు లెక్కపెట్టుకుని, సరిగ్గా ఆ పొద్దున్నే పరగడుపున ల్యాబుకి వెళ్ళాడు. తన ఒంటిని కూడా తొట్టిలో నానబెట్టిన దిమ్మే అనుకున్నాడు.

"లెక్క సరిగ్గానే ఉందమ్మాయ్," అన్నాడు పెద్దమేస్త్రీ, నేల చూస్తూ. కోడలి మొహం చూడలేక పద్దెనిమిది రోజులుగా ఆయన నేలే చూస్తున్నాడు.

ఆడపడుచు అందుకుంది. "ఇంకేం కావాలమ్మా నీకు? తప్పు చేశాడు, ఒప్పుకున్నాడు. కాయితం కడిగిన ముత్యంలా వచ్చింది. ఇంకా వాణ్ణి బస్తాల పక్కన పడుకోబెడతావా? బస్తాకైనా పైన టార్పాలిన్ కప్పుతాం."

"బస్తా ఊళ్ళు తిరిగి రాదు వదినా."

"చూశావా నాన్నా నోరు!"

"అక్కా, నువ్వుండు," అన్నాడు మేస్త్రీ. గొంతు తగ్గించాడు. "చూడు. నడుం పట్టేసింది. పొద్దున్నే లేచి ఎనిమిదంతస్తులు ఎక్కాలి. నేను నిన్నేం అడగట్లేదు. నా మంచం మీద నన్ను పడుకోనియ్యి."

ఆమె అతని మొహం చూసింది. గడ్డం పెరిగింది. కళ్ళ కింద సున్నం పూసినట్టుంది. జాలి వేసింది. జాలి వేసినందుకు విసుగు వేసింది. మంచం మీద పడుకున్నవాడు ఎన్నాళ్ళు ఊరికే పడుకుంటాడో నాలుగేళ్ళ కాపురంలో ఆమెకి తెలుసు.

"డాక్టరమ్మని అడుగుతాను. ఆవిడ సరే అంటే సరే."

"అంటే కాయితం మీద నమ్మకం లేదా?"

"కాయితం మీద కొంచెం ఉంది."

 పెద్దమేస్త్రీ గోడకున్న పగులు ఒకటి వేలితో తడిమాడు. అది ఆయన కట్టిన గోడే.

*

డాక్టరమ్మ గదిలో రెండే కుర్చీలు. ఒకదాని మీద కాయితాల కట్టలున్నాయి. మేస్త్రీ నిలబడ్డాడు. బరువు చూసే మిషను ముల్లు సున్నా దగ్గర ఆగదు, ఎవరూ ఎక్కకపోయినా కిలో చూపిస్తుంది. ఆవిడ ప్రతి ఒక్కరికీ ఒక కిలో తీసేసి రాసుకుంటుంది. కొత్త మిషను కోసం అడిగీ అడిగీ మానేసింది.

కాయితం చూసింది. తేదీ చూసింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"తొందరపడ్డావు."

"ఇరవై ఎనిమిది రోజులు ఆగానండీ."

"నలభై ఆగినా తొందరే. ఈ పరీక్ష రక్తంలో వెతికేది క్రిమిని కాదు నాయనా. క్రిమి వచ్చిందని తెలిశాక ఒళ్ళు తయారుచేసుకునే కాపలావాళ్ళని. యాంటీబాడీలంటారు. ఒళ్ళు వాళ్ళని కూడగట్టుకోవడానికి టైము పడుతుంది. కొందరికి మూడు వారాల్లో కనబడతాయి. కొందరికి మూడు నెలలు. పన్నెండు వారాలు దాటాక, ఇంకా గట్టిగా కావాలంటే పదహారు వారాలకి చూస్తే అప్పుడు నమ్మొచ్చు. అప్పుడు కూడా నూటికి నలుగురైదుగురిని తప్పిపోనిస్తుంది."

"నాకు పుండు కాదు కదా, దోమ కుట్టిన పొక్కు కూడా లేదండీ."

"ఉంటేనే బాగుండేది. పచ్చిగా ఉన్నప్పుడు దాని తడి తీసి చూస్తే అప్పటికప్పుడే తేలేది. చాలామందికి ఏమీ కనబడదు. కనబడకుండానే అంటిస్తారు."

"మరి ఈ కాయితం?"

"నువ్వు ఆ సైటుకి వెళ్ళకముందు బాగానే ఉన్నావని చెబుతుంది. ఆ మాత్రానికి పనికొస్తుంది."

మేస్త్రీ కాయితం తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. "కాంక్రీటైతే ఇరవై ఎనిమిదికి..."

"కాంక్రీటులో ఏం కలిపావో నీకు తెలుసు. ఇందులో తెలీదు." డాక్టరమ్మ కోడలి వైపు తిరిగింది. గొంతు మారలేదు. పొద్దున్నుంచి నలభైమందికి నలభై చెడ్డ మాటలు చెప్పిన గొంతు అది. "నీకు ఇది ఇంతకుముందు లేకపోతే, ఈ చివరి నెలల్లో కొత్తగా తగలకూడదు. కొత్తగా తగిలితే నీ ఒంట్లో కాపలా లేచేలోపే కాన్పు వచ్చేస్తుంది. బిడ్డ బయటికొచ్చే దారిలో అంటుకుంటుంది. పసిగుడ్డు తట్టుకోలేదు. ప్రాణం మీదికి వస్తుంది. అందుకని కాన్పు అయ్యేదాకా దూరం. ముద్దూ ముచ్చటా కూడా వద్దు. అర్థమైందా?"

"అయింది," అంది కోడలు.

"అతనికి?"

మేస్త్రీ బరువు మిషను ముల్లు చూస్తున్నాడు.

డాక్టరమ్మ గోడ క్యాలెండరు దించి, వంతెన సైటు తేదీ అడిగి, వేలితో వారాలు లెక్కపెట్టుకుంటూ కాయితాలు తిప్పింది. పదహారో వారం దగ్గర వేలు ఆగింది. కోడలి కార్డు తెరిచి కాన్పు తేదీ చూసింది. మళ్ళీ క్యాలెండరు చూసింది.

"అదే వారం," అంది.

 అతని సంగతి తేలే వారమే బిడ్డ వచ్చే వారం. ముందుగా తెలుసుకునే దారి లేదు.

"నీ రక్తం కూడా చూద్దాం. పాతది ఏమన్నా ఉందేమో తెలుస్తుంది."

"నాకెందుకుంటుందండీ?" అంది కోడలు. నవ్వుదామనుకుంది. మొహం కదల్లేదు.

డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. చీటీ రాసిచ్చింది.

*

మూడో రోజు మధ్యాహ్నం కోడలు కర్టెన్ల దుకాణం నుంచి వచ్చేసరికి ఇంట్లో పొయ్యి వెలగలేదు. వసారాలో ముగ్గురూ ఉన్నారు. ఆడపడుచు చేతిలో చింపిన కవరు.

"దారిలోనే కదా ల్యాబు అని తెచ్చాను," అంది ఆడపడుచు. "తెచ్చి మంచి పనే చేశాను."

"నా కాయితం నువ్వెందుకు చింపావు వదినా?"

"చింపకపోతే కర్టెను గుడ్డల్లో కుట్టేసేదానివి."

కోడలు చెయ్యి చాపింది. ఆడపడుచు ఇవ్వలేదు, చదివింది. చదవడం ఎప్పుడూ కూడబలుక్కుని చదివే మనిషి. ఇది మాత్రం గడగడా చదివింది. "ఒకటో రకం లేదు. రెండో రకం, పాజిటివ్. ఒకటి పాయింటు ఆరు."

కోడలు చేతిసంచి కింద పెట్టింది. నిలబడే సంచి అది. పడిపోయింది. దారపు ఉండ దొర్లుకుంటూ సిమెంటు బస్తా దాకా వెళ్ళింది.

"నాకా?"

"నీకే. పేరుంది, వయసుంది. మా తమ్ముడికి నెగిటివ్. తమరికి పాజిటివ్. ఇప్పుడెవరు ఎవర్ని బయట పడుకోబెట్టాలమ్మా?"

మేస్త్రీ లేచాడు. పద్దెనిమిది రోజులూ ఆ పైన ఇంకో నాలుగూ ఏ గదిలోకైతే రానివ్వమని బతిమాలాడో, ఆ గదిలోకి చెప్పులతో నడిచి వెళ్ళాడు. బీరువా తీసిన చప్పుడు. చొక్కాలు, లుంగీలు, పెళ్ళినాటి తెల్ల ప్యాంటు, అన్నీ చేతుల మీద పోగేసుకుని వచ్చాడు.

"ఏం చేస్తున్నావు?"

"నా బట్టలు నేను తీసుకుంటున్నా. నీ మంచం నీకే ఉంచుకో. రేపట్నుంచి అక్క ఇంట్లో ఉంటా."

"వాడు తప్పు చేసి చెప్పుకున్నాడు," అంది ఆడపడుచు. "నువ్వు తప్పు చేసి తలుపేసుకున్నావు."

కోడలు గోడకి చేరగిలబడి ఫోను తీసింది. డాక్టరమ్మకి చేసింది. రెండుసార్లు మోగి తెగిపోయింది. మూడోసారి ఎత్తారు. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది. అదొక్కటే ఆమె చేసిన పొరపాటు.

"ఎంత వచ్చింది? అంకె చెప్పు," అంది డాక్టరమ్మ. వెనక ఎవరి బిడ్డో ఏడుస్తోంది.

"ఒకటి పాయింటు ఆరండీ."

"ఊఁ. గీత ఒకటి పాయింటు ఒకటి దగ్గర ఉంటుంది. దాటితే పాజిటివ్ అని మిషను అచ్చు కొట్టేస్తుంది. కానీ మూడు దాటితే కానీ నేను నమ్మను. నీలాగా గీత మీద గెంతినవాళ్ళలో సగం మందికి అసలు జబ్బే ఉండదు. ఇంకో రకం పరీక్ష ఉంది. రక్తం పెద్ద ల్యాబుకి పంపాలి. మూడు వారాలు పట్టొచ్చు. వింటున్నావా?"

"వింటున్నానండీ."

"ఒకవేళ నిజమే అయితే, ఇది కొత్తది కాదు, పాతది. పాతదైతే బిడ్డకి ఒక రకంగా నయం, నీ కాపలా బిడ్డకి కూడా అందుతుంది. కాన్పు టైములో మందులిస్తాం. ఎప్పుడొచ్చింది, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, అది మాత్రం ఏ పరీక్షా చెప్పదు. నన్నడక్కు. ఈలోపు దూరం మాట దూరమే. రేపు రా."

ఫోను ఆగిపోయింది.

ఎవరికి కావలసిన మాట వాళ్ళు ఏరుకున్నారు.

"పాతదట," అన్నాడు మేస్త్రీ. "విన్నావా నాన్నా? పాతదట."

"సగం మందికి అసలు ఉండదని కూడా అందిరా," అన్నాడు పెద్దమేస్త్రీ.

అంతవరకు ఆయన అక్కడున్నాడని ఎవరికీ పట్టలేదు. నేల మీది నుంచి చూపెత్తి కొడుకుని చూశాడు. "నలభై ఏళ్ళు దిమ్మలు పోశాను. ఎప్పుడైనా ఒక్కటి పోశామా? మూడు పోస్తాం. ఎందుకురా మూడు? ఒకటి తన్నేసినా మిగతా రెండూ ఏమంటాయో చూద్దామని. ఒక్క దిమ్మ పగిలిందని స్లాబు పగలగొట్టినవాడు మేస్త్రీ కాదు."

"ఇది దిమ్మ కాదు నాన్నా."

"నాలుగు రోజుల కిందట నీ ఒళ్ళు దిమ్మే అన్నావుగా."

ఆడపడుచు మూతి తిప్పింది. "కోడలంటే ఎంత ప్రేమో!"

"నువ్వు నోర్ముయ్యవే. ఆ కవరు చింపిన చేత్తో పొయ్యి వెలిగించి ఉంటే ఈపాటికి ఇంత తినేవాళ్ళం."

పెద్దమేస్త్రీ చెవి వెనకనుంచి చదునైన ఎర్రపెన్సిలు తీశాడు. పని మానేసి మూడేళ్ళయినా ఆ పెన్సిలు చెవి వదల్లేదు. పడకగది ద్వారబంధం దగ్గరికి వెళ్ళాడు.

"పదహారో వారం ఏ రోజన్నారమ్మాయ్?"

ఆమె తేదీ చెప్పింది. దిమ్మ మీద రాసినట్టే పెద్ద అంకెలతో రాశాడు. "ఇది వీడిది. ఆ రోజున వీడు మళ్ళీ రక్తం ఇస్తాడు. అంతవరకు అక్క ఇంట్లో ఉంటాడో, అటక మీద ఉంటాడో వీడిష్టం."

"నేనివ్వను," అన్నాడు మేస్త్రీ. "నాది తేలిపోయింది. దానిది రాయి. అది ఎప్పుడు తెచ్చుకుంది, ఎవడి దగ్గర తెచ్చుకుంది, ఆ తేదీ రాయి చూద్దాం."

పెన్సిలు చెక్క మీదే ఆగింది.

ముసలాయన కోడలి వైపు తిరిగాడు. ఇన్నాళ్ళకి ఆమె మొహంలోకి చూశాడు. చూడకపోయినా బాగుండేది.

"అమ్మాయ్... పెళ్ళికి ముందు ఎప్పుడైనా..." అని ఆగిపోయాడు.

కోడలికి కోపం రాలేదు. కోపానికి కూడా ఒంట్లో ఓపిక కావాలి. కడుపులో బిడ్డ ఒక్క తన్ను తన్ని మళ్ళీ సర్దుకుంది. ఆమె గోడ వదిలి రెండడుగులు వేసింది. మామగారి వేళ్ళ మధ్యనుంచి పెన్సిలు తీసుకుంది. ఆయన ఇచ్చేశాడు.

"లేదు మామయ్యా," అంది. "పెళ్ళికి ముందూ లేదు, తరవాతా లేదు. ఒక్కసారే చెబుతాను. మళ్ళీ అడిగితే చెప్పను."

ద్వారబంధం మీద, ఎర్ర అంకెల కింద, పెన్సిలు మొన ఆన్చింది.

"తేదీ రాయమన్నావుగా. రాస్తాను." ఆమె మొగుడి వైపు చూడలేదు. చెక్కనే చూస్తూ మాట్లాడింది. "నా కాయితం అబద్ధమైతే నాకు తేదీ లేదు. నా మీద నువ్వు వేసిన నింద నీ నెత్తినే ఉంటుంది. నిజమైతే ఇది పాతది. ఆవిడ అన్నమాటే, ఇందాక నువ్వే పట్టుకుని అన్నావు. నాకు నువ్వు తప్ప మగాడు తెలీదు. పరీక్ష నూటికి నలుగురైదుగురిని తప్పిస్తుందని కూడా ఆవిడే అంది. ఆ నలుగురిలో నువ్వు లేవని ఏముంది? వంతెన సైటు మొన్నటిది. దానికి ముందు నీళ్ళ ట్యాంకు సైటు. దానికి ముందు ఆ పెద్ద గోడౌను, నాలుగు నెలలు. చెప్పు. ఏ సైటు తేదీ రాయను?"

ఆడపడుచు నోరు తెరిచింది. తమ్ముడి వైపు చూసింది. చూసిన తరవాత మూసుకుంది.

"చెప్పు," అంది కోడలు. "చెయ్యి నొప్పెడుతోంది."

మేస్త్రీ చేతుల మీది బట్టల పోగు బస్తాల పక్కనున్న తన పరుపు మీద దించాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పైనున్న చొక్కా తీసి, చేతులు వెనక్కి విరిచి, కాలరు సర్ది, మడత పెట్టడం మొదలుపెట్టాడు.

నాలుగేళ్ళలో అతను చొక్కా మడత పెట్టడం ఆమె ఎప్పుడూ చూడలేదు.